భయానక నవల: రకాలు, పఠన ఎంపిక

భయానక నవల అంటే పాఠకుడిలో భయాన్ని, కలవరాన్ని, జుగుప్సను పుట్టించడమే ప్రధాన లక్ష్యంగా సాగే కాల్పనిక వచన రచన. వాడుకలో దీన్ని హారర్ నవల అంటారు. దయ్యాలు, రక్తపిశాచాలు, చేతబడి, పాడుబడ్డ మేడలు దీనికి అలవాటైన సరంజామా. అయితే అతిలోక శక్తి ఏదీ లేని నవలలు కూడా ఈ ప్రక్రియలో చాలా ఉన్నాయి. 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఇంగ్లండ్‌లో గోథిక్ నవలగా మొదలైన ఈ ప్రక్రియ రెండున్నర శతాబ్దాల్లో అనేక శాఖలుగా చీలింది. ఒక శాఖను ఇష్టపడిన పాఠకుడికి మరొకటి రుచించకపోవచ్చు. అందువల్ల తర్వాత ఏ నవల చదవాలన్న ఎంపిక ముఖ్యంగా మూడు అంశాల మీద ఆధారపడుతుంది: భయం ఎక్కడి నుంచి పుడుతోంది, దాన్ని ఎంతవరకు బయటపెడుతున్నారు, కథ చెబుతున్న మనిషిని ఎంతవరకు నమ్మవచ్చు.

నిర్వచనం, పరిధి

అపరాధ పరిశోధన నవలకు నేరం గుర్తు, చారిత్రక నవలకు కాలం గుర్తు. భయానక నవలకు గుర్తు పాఠకుడి మీద అది చూపే ప్రభావం. ఈ కారణంగా దీని సరిహద్దులు స్థిరంగా ఉండవు. థ్రిల్లర్, వైజ్ఞానిక కల్పన, ఫాంటసీ దీనికి ఇరుగుపొరుగు ప్రక్రియలు. అతిలోక శక్తులు లేని థామస్ హారిస్ నేర నవల ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ (1988) హారర్ రచనలకిచ్చే బ్రామ్ స్టోకర్ పురస్కారాన్ని అందుకోవడం ఇందుకు ఉదాహరణ.

భారతీయ అలంకారశాస్త్రం ఈ ప్రభావాన్ని రెండు రసాలుగా విడదీసింది. భరతుడి నాట్యశాస్త్రంలో భయానక రసానికి భయం, బీభత్స రసానికి జుగుప్స స్థాయీభావాలు. భయానకం మళ్లీ మూడు విధాలు: నటించిన భయం, చేసిన తప్పు వల్ల కలిగే భయం, బెదిరింపు వల్ల కలిగే భయం. ఆధునిక హారర్ నవలలు భయానక, బీభత్సాలను వేర్వేరు పాళ్లలో కలుపుకుంటాయి.

ఇంగ్లీషు విమర్శలో ఇలాంటి విభజనను నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చేసింది. ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసం టెర్రర్‌ను, హారర్‌ను పరస్పర విరుద్ధాలుగా చూపింది. మొదటిది ఏం జరగబోతోందో తెలియని స్థితిలో మనసును అప్రమత్తం చేస్తుంది, రెండోది కళ్లెదుట కనిపించిన దారుణంతో దాన్ని మొద్దుబారుస్తుంది. బాగా తెలిసినదే ఒక్కసారిగా వింతగా తోచినప్పుడు కలిగే కలవరాన్ని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1919లో విశ్లేషించాడు. జరిగింది సహజమో, అతిలోకమో తేల్చుకోలేని ఊగిసలాట గురించి త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో సిద్ధాంతం చేశాడు. తత్త్వవేత్త నోయెల్ కారల్ 1990లో మరో లక్షణం ప్రతిపాదించాడు: హారర్‌లోని వికృత జీవి ప్రమాదకరమైతే సరిపోదు, మనకు తెలిసిన ఏ వర్గంలోనూ ఇమడకూడదు. చచ్చీ బతికున్న రక్తపిశాచి ఈ లక్షణానికి సరిపోతుంది.

చరిత్ర

గోథిక్ దశ

హొరేస్ వాల్‌పోల్ రాసిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ (1764) ఈ ప్రక్రియకు ఆరంభంగా సాహిత్య చరిత్రలు గుర్తిస్తాయి. పెళ్లిరోజున వరుడి మీద ఆకాశం నుంచి ఒక బ్రహ్మాండమైన శిరస్త్రాణం పడి అతన్ని నలిపేయడంతో కథ మొదలవుతుంది. తొలి ముద్రణలో వాల్‌పోల్ తన పేరు వేసుకోలేదు. పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదంగా దాన్ని బయటపెట్టి, 1765 నాటి రెండో ముద్రణలో తానే రచయితనని ప్రకటించి గోథిక్ కథ అని పేరు పెట్టాడు. కోటలు, సొరంగ మార్గాలు, వంశ శాపాలు, నిస్సహాయ యువతులు తర్వాతి నవలలకు నమూనా అయ్యాయి.

1790లలో రెండు పాయలు స్పష్టంగా విడిపోయాయి. రాడ్‌క్లిఫ్ ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో’ (1794)లో వింతలన్నిటికీ చివరికి లౌకిక కారణాలు దొరుకుతాయి. మాథ్యూ లూయిస్ ఇరవై ఏళ్ల వయసులో వెలువరించిన ‘ది మాంక్’ (1796)లో దయ్యాలు నిజం, హింస బాహాటం. సూచించే రచనలు, చూపించే రచనలు అన్న తేడా ఆనాటి నుంచే ఉంది.

19వ శతాబ్దం

1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర లార్డ్ బైరన్ బసలో మిత్రులు తలో దయ్యం కథ రాయాలనుకున్నారు. ఆ పోటీ నుంచి మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818), జాన్ పొలిడోరి ‘ది వాంపైర్’ (1819) పుట్టాయి. శాస్త్ర ప్రయోగం వికటించడమనే ఇతివృత్తం మొదటి దాని నుంచి, కులీనుడైన రక్తపిశాచి అనే పాత్ర రెండో దాని నుంచి స్థిరపడ్డాయి. శతాబ్దం మధ్యలో చవక వారపు సంచికలు ఇలాంటి కథలను శ్రామిక వర్గ పాఠకులకు చేర్చాయి.

చివరి రెండు దశాబ్దాల్లో భయం కోటల నుంచి లండన్ వీధుల్లోకి వచ్చింది. ఆర్.ఎల్. స్టీవెన్సన్ ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ (1886), బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ (1897), హెన్రీ జేమ్స్ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ (1898) ఈ దశకు చెందినవి.

1900 నుంచి 1960 వరకు

ఈ కాలంలో హారర్‌కు ప్రధాన వాహకం నవల కాదు, కథ. ఇంగ్లండ్‌లో ఎం.ఆర్. జేమ్స్ దయ్యం కథలు, అమెరికాలో 1923లో మొదలైన ‘వీర్డ్ టేల్స్’ పత్రికలో హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథలు ప్రభావం చూపాయి. 1950లలో నవల తిరిగి ముందుకొచ్చింది. రిచర్డ్ మాథెసన్ ‘ఐ యామ్ లెజెండ్’ (1954) రక్తపిశాచానికి సూక్ష్మజీవి కారణం చూపింది. 1959లో వచ్చిన షర్లీ జాక్సన్ ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’, రాబర్ట్ బ్లాక్ ‘సైకో’ భయాన్ని మనసు లోపలికి తీసుకెళ్లాయి.

పేపర్‌బ్యాక్ దశ

ఐరా లెవిన్ ‘రోజ్‌మరీస్ బేబీ’ (1967), విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎక్సార్సిస్ట్’ (1971) భారీగా అమ్ముడై సినిమాలుగా కూడా విజయం సాధించడంతో హారర్ ఒక ప్రత్యేక మార్కెట్‌గా ఏర్పడింది. స్టీఫెన్ కింగ్ ‘క్యారీ’ (1974), ‘సేలమ్స్ లాట్’ (1975), ‘ది షైనింగ్’ (1977) నవలలతో మామూలు అమెరికన్ పట్టణం, అప్పులు, తాగుడు, కాపురంలో కలతలు హారర్‌కు నేపథ్యమయ్యాయి. ఆన్ రైస్ ‘ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్’ (1976) కథను రక్తపిశాచి నోటే చెప్పించింది. క్లైవ్ బార్కర్ 1984–85లో వెలువరించిన ‘బుక్స్ ఆఫ్ బ్లడ్’ కథా సంపుటాలు దేహ హింసను దాచకుండా చూపే ధోరణికి ఊపునిచ్చాయి.

1990 తర్వాత

జపాన్‌లో కోజీ సుజుకి ‘రింగ్’ (1991), స్వీడన్‌లో జాన్ అజ్విదే లిండ్‌క్విస్ట్ ‘లెట్ ది రైట్ వన్ ఇన్’ (2004), అర్జెంటీనాలో మరియానా ఎన్రికేజ్ ‘అవర్ షేర్ ఆఫ్ నైట్’ (2019) అనువాదాల ద్వారా అంతర్జాతీయ పాఠకులకు చేరాయి. మార్క్ డానియెలెవ్‌స్కీ ‘హౌస్ ఆఫ్ లీవ్స్’ (2000) బయటి కొలతల కంటే లోపలి కొలతలు ఎక్కువున్న ఇంటి కథ. దాన్ని అధోజ్ఞాపికలతో, పేజీ మీద అటూ ఇటూ తిరిగే అక్షరాలతో చెప్పారు. సిల్వియా మొరెనో గార్సియా ‘మెక్సికన్ గోథిక్’ (2020), స్టీఫెన్ గ్రేయమ్ జోన్స్ ‘ది ఓన్లీ గుడ్ ఇండియన్స్’ (2020) వలస పాలన, మూలవాసుల అనుభవాలను ఈ ప్రక్రియలోకి తెచ్చాయి.

ప్రధాన రకాలు

గోథిక్ నవల: పాత భవనం, కుటుంబ రహస్యం, గతం వర్తమానాన్ని వెంటాడటం దీని లక్షణాలు. సూసన్ హిల్ ‘ది వుమన్ ఇన్ బ్లాక్’ (1983) ఆ పాత పద్ధతిలోనే సాగుతుంది.

దయ్యాల కొంప నవల: ఇల్లే ఇందులో ప్రతినాయకి. హిల్ హౌస్ నవల, ‘ది షైనింగ్’లోని ఓవర్‌లుక్ హోటల్ దీనికి ఉదాహరణలు.

పూనకం, క్షుద్ర ప్రయోగాల నవల: మనిషిని మరో శక్తి ఆవహించడం, దాన్ని వదిలించేందుకు వైద్యుడు, మతాచార్యుడు లేదా మంత్రగాడు ప్రయత్నించడం ఇతివృత్తం. ‘ది ఎక్సార్సిస్ట్’, తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఈ కోవకు చెందుతాయి.

మానసిక హారర్: ముప్పు బయటి శక్తి నుంచి కాక భ్రమ, అపరాధ భావన, ఉన్మాదం నుంచి వస్తుంది. షర్లీ జాక్సన్ ‘వి హావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ది కాసిల్’ (1962) ఈ రకం.

విశ్వ భయానకం: మనిషిని లెక్కచేయని అతి పురాతన శక్తుల ముందు జ్ఞానమే ప్రమాదమవుతుంది. లవ్‌క్రాఫ్ట్ ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (1936) ప్రసిద్ధ నమూనా.

జానపద హారర్: మారుమూల పల్లె, దాని ఆచారాలు, బయటి నుంచి వచ్చి చిక్కుకున్న వ్యక్తి ఇందులో కనిపిస్తాయి. థామస్ ట్రయాన్ ‘హార్వెస్ట్ హోమ్’ (1973) ఇలాంటిది.

చారిత్రక, సామాజిక హారర్: టోనీ మోరిసన్ ‘బిలవ్డ్’ (1987)లో చనిపోయిన బిడ్డ తిరిగి రావడం బానిసత్వపు జ్ఞాపకంతో ముడిపడి ఉంటుంది. దీన్ని హారర్ కింద లెక్కించాలా వద్దా అన్న విషయంలో విమర్శకులకు ఏకాభిప్రాయం లేదు.

భయం కలిగించే పద్ధతులు

మొదటి పద్ధతి సాక్ష్యాల కూర్పు. ‘డ్రాక్యులా’ మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా కత్తిరింపులుగా నడుస్తుంది. రెండో అధ్యాయంలో జొనాథన్ హార్కర్ చిన్న అద్దం పెట్టుకొని గడ్డం గీసుకుంటుంటే భుజం మీద కౌంట్ డ్రాక్యులా చెయ్యి పడుతుంది. గదంతా వెనక కనిపిస్తున్న అద్దంలో కౌంట్ మాత్రం కనిపించడు. ఉలికిపాటుకు గడ్డం తెగి రక్తం కారుతుంది. ఆ రక్తం చూసి కౌంట్ మీదికి రావడం, మెడలోని శిలువ తగిలి ఆగడం, అద్దాన్ని కిటికీలోంచి విసిరేయడం వరసగా జరుగుతాయి. ఇదంతా డైరీలో పొడిపొడిగా నమోదవుతుంది. హార్కర్‌కు ఇంకా పేరు తెలియని విషయాన్ని పాఠకుడు ముందే పసిగడతాడు.

రెండోది దాచి ఉంచడం. హిల్ హౌస్ నవలలో ఎలియనోర్ రాత్రి చీకట్లో పక్కనున్న థియోడోరా చేతిని గట్టిగా పట్టుకొని గోడ అవతలి గొంతులు వింటుంది. దీపం వెలిగాక చూస్తే థియోడోరా గదిలో దూరంగా వేరే మంచం మీద ఉంటుంది. తాను పట్టుకున్న చెయ్యి ఎవరిదో నవల చెప్పదు.

మూడోది నమ్మలేని కథనం. ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’లో పిల్లల సంరక్షకురాలికి కనిపించిన దయ్యాలు మరెవరికైనా కనిపించాయా అన్నది తేలదు. ఆమె మాట నమ్మితే అది దయ్యం కథ, నమ్మకపోతే ఉన్మాదం కథ.

నాలుగోది నెమ్మదిగా బిగించడం. కింగ్ నవలల్లో మొదటి భాగం చాలావరకు పట్టణ జీవిత వర్ణనకే పోతుంది. పాత్రలతో పరిచయం పెరిగాకే ముప్పు దగ్గరవుతుంది. కింగ్ తన ‘డాన్స్ మకాబ్ర్’ (1981)లో టెర్రర్, హారర్, జుగుప్స అనే మూడు మెట్లు చెప్పి, మొదటిదే ఉత్తమమని, అది కుదరకపోతేనే తర్వాతి వాటికి దిగుతానని వివరించాడు.

పఠన ఎంపిక

తొలి ఉదాహరణ

తర్వాత ఏం చదవాలన్న ప్రశ్న ఈ ప్రక్రియ తొలిరోజుల నాటిదే. జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ అబ్బీ’ 1817 చివర్లో ప్రచురితమైంది. అందులో ఇసబెల్లా, ‘ఉడోల్ఫో’ చదువుతున్న స్నేహితురాలు కాథరిన్ కోసం ఏడు నవలల పట్టిక తయారుచేసి పెడుతుంది. అవన్నీ నిజంగా భయంకరంగానే ఉంటాయా అన్నదే కాథరిన్‌కు కావలసిన హామీ. ఆ పేర్లు ఆస్టిన్ కల్పించినవేనని చాలాకాలం అనుకున్నారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పరిశోధకులు ఏడూ 1790లలో అచ్చయిన నవలలేనని నిర్ధారించారు.

ఎంపిక ప్రమాణాలు

భయానికి మూలం: దయ్యం, మనిషి, రోగం, ప్రకృతి, విశ్వం వీటిలో ఏది భయపెడుతోందన్నది మొదటి ప్రమాణం. ‘ది ఎక్సార్సిస్ట్’లో కీడు ఉందని నమ్మడం కథకు ఆధారం. ‘సైకో’కు అలాంటి నమ్మకంతో పని లేదు.

చూపే మోతాదు: రక్తపాతాన్ని భరించలేని పాఠకులకు సూసన్ హిల్, షర్లీ జాక్సన్, ఎం.ఆర్. జేమ్స్ రచనలు అనుకూలం. బార్కర్ రచనలు ఇందుకు రెండో అంచు.

ముగింపు తీరు: చిక్కుముడి విప్పే ముగింపు కావాలనుకునే వారికి రాడ్‌క్లిఫ్ పద్ధతి, తేల్చని ముగింపును ఇష్టపడేవారికి హెన్రీ జేమ్స్ పద్ధతి సరిపోతాయి.

నిడివి: స్టీవెన్సన్, హెన్రీ జేమ్స్ పుస్తకాలు ఒకటి రెండు కూర్చోవడాల్లో ముగిసే నవలికలు. కింగ్ ‘ఇట్’ (1986) వెయ్యి పేజీలు దాటుతుంది. కొత్త పాఠకులకు నవలిక ప్రవేశ ద్వారంగా పనిచేస్తుంది.

కూర్పు, వరుస: ‘ఫ్రాంకెన్‌స్టైన్’కు 1818, 1831 నాటి రెండు పాఠాలు ఉన్నాయి. రెండోది రచయిత్రి స్వయంగా సవరించి, కథ పుట్టిన తీరు చెబుతూ ముందుమాట చేర్చినది. కింగ్ ‘ది స్టాండ్’ 1978లో కుదించిన రూపంలో, 1990లో వందలాది పేజీలు తిరిగి చేర్చిన రూపంలో వచ్చింది. కొనసాగింపులున్న నవలలకు ప్రచురణ వరుస పాటించడం మేలు: ‘డాక్టర్ స్లీప్’ (2013)కు ముందు ‘ది షైనింగ్’, ‘తులసి’కి ముందు ‘తులసిదళం’.

సున్నితాంశాలు: పిల్లల మరణం, లైంగిక హింస, ఆత్మహత్య ఈ ప్రక్రియలో తరచు వస్తాయి. కింగ్ ‘పెట్ సెమెటరీ’ (1983) పసిబిడ్డ మరణం చుట్టూ తిరుగుతుంది. పాఠకుడి వయసు, ఇటీవలి అనుభవాలు ఎంపికలో లెక్కకు వస్తాయి.

సమాచార వనరులు

హారర్ రచయితల సంఘం 1987 నుంచి ఇస్తున్న బ్రామ్ స్టోకర్ పురస్కారాలు, 2007లో ఏర్పడిన షర్లీ జాక్సన్ పురస్కారాలు కొత్త నవలలకు సూచికలు. మొదటి ఏడాది స్టోకర్ నవలా పురస్కారాన్ని కింగ్ ‘మిజరీ’, రాబర్ట్ మెకామన్ ‘స్వాన్ సాంగ్’ పంచుకున్నాయి. స్టీఫెన్ జోన్స్, కిమ్ న్యూమన్ సంపాదకత్వంలో 1988లో వచ్చిన ‘హారర్: 100 బెస్ట్ బుక్స్’ పాత నవలలకు మార్గదర్శి. వందమంది తలా ఒక పుస్తకం గురించి రాసిన వ్యాసాల సంకలనం ఇది. ‘డ్రాక్యులా’తో సహా 19వ శతాబ్దపు నవలలకు కాపీరైట్ గడువు తీరింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. పురస్కారం సాహిత్య విలువను సూచిస్తుందే తప్ప, ఒక నవల ఫలానా పాఠకుడిని భయపెడుతుందని హామీ ఇవ్వదు.

పఠన క్రమాలు

నచ్చిన నవల నుంచి అదే మూలం ఉన్న మరో నవలకు వెళ్లడం పరిపాటి. రక్తపిశాచాల వరుసలో ‘డ్రాక్యులా’, ‘ఐ యామ్ లెజెండ్’, ‘సేలమ్స్ లాట్’, ‘లెట్ ది రైట్ వన్ ఇన్’ వస్తాయి. పరాయి కులీనుడు, సూక్ష్మజీవి, పట్టణపు కుళ్లు, ఒంటరి బాల్యం అంటూ ఒకే జీవి అర్థం మారుతూ వచ్చిన తీరు ఈ వరుసలో తెలుస్తుంది. ఇళ్ల వరుసలో ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’, హిల్ హౌస్ నవల, ‘ది షైనింగ్’, ‘హౌస్ ఆఫ్ లీవ్స్’ ఉంటాయి.

తెలుగులో భయానక నవల

తెలుగు సాహిత్యంలో భయానక, బీభత్స రసాలు కావ్యాల నుంచే ఉన్నాయి. అశ్వత్థామ నిద్రిస్తున్న శిబిరం మీద పడే సౌప్తిక పర్వం తిక్కన భారతంలోనిది. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, దాన్ని మోసే రాజు ఉన్న బేతాళ కథలు ‘చందమామ’ ద్వారా దశాబ్దాలపాటు ఇంటింటికీ చేరాయి. అయితే వాటి లక్ష్యం భయం కాదు, ధర్మసందేహ విచారణ. మౌఖిక సంప్రదాయంలో కొరివి దయ్యం, చేతబడి, చిల్లంగి, బాణామతి గురించిన కథనాలు విస్తారంగా ఉన్నాయి.

హారర్‌కు తెలుగు నవలలో విస్తృత పాఠకాదరణ 1980లలో వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి సంచలనమైంది. తులసి అనే చిన్నపిల్ల మీద క్షుద్ర ప్రయోగం, ఆమెను కాపాడేందుకు పెద్దల ప్రయత్నాలు ఇందులోని కథ. ‘తులసి’ దీనికి కొనసాగింపు. ఈ రచయిత నవలల ఆధారంగా ‘కాష్మోరా’ (1986), ‘తులసిదళం’ (1989) సినిమాలు వచ్చాయి. ఈ తరహా రచనలకు క్షుద్ర సాహిత్యం అన్న పేరు స్థిరపడింది. వారం వారం ఉత్కంఠ దగ్గర ఆపే సీరియల్ పద్ధతి వీటి నిర్మాణాన్ని నిర్దేశించింది. పుస్తకరూపంలో వచ్చాక అద్దె పుస్తకాల షాపులు వీటిని మరింతమందికి చేర్చాయి.

తెలుగు పాఠకుడు ఇంగ్లీషు నవలలకు వెళ్లేటప్పుడు పూనకం, క్షుద్ర ప్రయోగాల శాఖ దగ్గరి దారి అవుతుంది. ‘తులసిదళం’, ‘ది ఎక్సార్సిస్ట్’ రెండింటిలోనూ ఆపదలో ఉన్నది ఆడపిల్లే. వైద్యానికీ విశ్వాసానికీ మధ్య పెనుగులాట రెండింటికీ ఉమ్మడి అంశం.

విమర్శ, ప్రాముఖ్యత

ఈ ప్రక్రియ మీద నైతిక ఆక్షేపణలు మొదటి నుంచీ ఉన్నాయి. ‘ది మాంక్’ అశ్లీలమని, దైవదూషణ అని దుమారం రేగడంతో లూయిస్ తర్వాతి ముద్రణలో కొన్ని భాగాలు తొలగించాడు. తెలుగులో హేతువాదులు, అభ్యుదయ విమర్శకులు క్షుద్ర నవలలు మూఢనమ్మకాలను పెంచుతున్నాయని అభ్యంతరపెట్టారు. చేతబడి నెపంతో మనుషుల మీద దాడులు జరిగే సమాజంలో ఈ అభ్యంతరానికి బలం ఉంది. కల్పనను కల్పనగా చదివే శక్తి పాఠకుడికి ఉంటుందన్నది, ఈ నవలలు కొత్త పాఠకులను పఠనంలోకి తెచ్చాయన్నది సమర్థకుల వాదన.

సాహిత్య చరిత్రలో ఈ ప్రక్రియ ప్రాముఖ్యం మూడు విధాలు. నమ్మలేని కథకుడు, దస్తావేజుల కథనం వంటి పద్ధతులను ఇది పదునుపెట్టింది. రాడ్‌క్లిఫ్, షెల్లీ, జాక్సన్ వంటి రచయిత్రులకు తొలి నుంచీ ప్రధాన స్థానం ఇచ్చింది. నేరుగా మాట్లాడటానికి ఇష్టపడని రోగం, వంశపారంపర్యం, బానిసత్వం, గృహహింస వంటి విషయాలకు ఒక రూపం కల్పించింది. ఏ కాలంలో ఏ భయం ప్రచారంలో ఉందో తెలుసుకోవడానికి ఈ నవలల వరుస చరిత్రకారులకు కూడా ఆధారంగా ఉపయోగపడుతోంది.

ఇవి కూడా చూడండి: గోథిక్ సాహిత్యం, రస సిద్ధాంతం, బేతాళ కథలు, క్షుద్ర సాహిత్యం, అపరాధ పరిశోధన నవల, వారపత్రిక సీరియల్ నవల, హారర్ చలనచిత్రం